ఏమీ అడగని పడవవాడు

మా ఇంట్లో ఎవరు బయటికి పోతున్నా ఎక్కడికో, ఎప్పుడు తిరిగొస్తారో చెప్పరు. పెళ్ళయిన కొత్తలో ఆ సంగతి తెలియక, చొక్కా తొడుక్కుంటున్న మా ఆయనను ఒక పొద్దున, "ఎన్ని గంటలకు వస్తావు?" అని అడిగాను. ఆయన గుండీల మీద చేయి అలాగే ఉంచి, వాకిట్లో కూర్చున్న వాళ్ళ నాయన వైపు చూశాడు. మామ చదువుతున్న పేపరు దించకుండానే, "ఆ మాట ఈ ఇంట్లో అడగగూడదమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. చెప్పులు బయట విడవమని చెప్పినట్టు చెప్పాడు. వంటింట్లో అత్త ఎర్రగడ్డలు తరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికి గానీ మళ్ళీ మొదలు కాలేదు.

నేను పుట్టి పెరిగింది పులివెందులలో. మా నాన్న బడిపంతులు. ఊళ్ళో గొడవ జరిగిన రోజు అంగళ్ళు మూసేసేవాళ్ళు, బడి వదిలేసేవాళ్ళు, మేము తలుపులు వేసుకుని ఇంట్లో ఆడుకునేవాళ్ళం. గొడవ ఎప్పుడూ వేరేవాళ్ళ ఇళ్ళది. మా నాన్న కూరగాయలకు పోయినా ఏ వీధిలోంచి పోతాడో, దారిలో ఎవరింట్లో కాసేపు కూర్చుంటాడో చెప్పి మరీ పోయేవాడు. అందుకని ప్రొద్దుటూరులోని ఈ ఇల్లు నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. మనిషి కంటే ఎత్తయిన ఇనుప గేటు, రోజుకొక దారిన ఇంటికి వచ్చే మామ, ఫోన్ మోగితే చాలు పెరట్లోకి వెళ్ళిపోయే అత్త.

చివరికి మా ఆయనే చెప్పాడు. వాళ్ళది జమ్మలమడుగు దగ్గర పల్లె. మామ ఆ రోజుల్లో ఒక నాయకుని వెంట తిరిగేవాడు. చుట్టుపక్కల ఊళ్ళ ఓట్లు ఆయన మాట మీద పడేవి కాబట్టి ఎదుటి పార్టీవాళ్ళకు ఆయన మీద కన్ను ఉండేది. మా ఆయనకు ఒక తమ్ముడు. నేను చూడని మరిది. ఫొటోలో మాత్రం చూశాను, క్రాపు నున్నగా దువ్వుకుని, నవ్వు ఆపుకుంటున్నట్టు ఉంటాడు. ఒక సాయంత్రం ఇంట్లో ఫోన్ మోగింది. మగవాళ్ళెవరూ లేరు. అత్త ఎత్తింది.

"పెద్దమ్మా, బాగుండావా? తమ్ముడు ఇంట్లో ల్యాడా?"

మర్యాదగా అడిగిన గొంతు. మన పిల్లోల్లలో ఎవరో అనుకుంది అత్త. శనగ పైరుకు మందు తెచ్చేదానికి ప్రొద్దుటూరుకు పోయినాడు నాయనా, ఆఖరి బస్సుకు వచ్చేస్తాడు, అని చెప్పింది. అన్నం తిన్నావా అని కూడా అడిగిందట ఆ ఫోన్ చేసిన వాణ్ణి. బస్సు ఆగే చోట వాళ్ళు కాచుకుని ఉన్నారు.

అత్తను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. పల్లె విడిచి ప్రొద్దుటూరుకు వచ్చేశారు. ఫోన్ ఆమె మళ్ళీ ఎత్తలేదు. ఎవరు ఎక్కడికి పోతున్నదీ ఆమె దగ్గర చెప్పడం మానేశారు. మొదట ఆమె దగ్గర మానేశారు, తర్వాత అదే అందరికీ అలవాటయింది.

మొన్నటి ఎన్నికల్లో మా పార్టీ ఓడిపోయింది. ఓడిన వైపు వాళ్ళు కొన్నాళ్ళు ఊళ్ళో కనబడకపోవడం మా దిక్కు మామూలే. గెలిచినవాళ్ళ టపాకాయల పొగ పోయేదాకా, వాళ్ళ పిల్లోల్ల తాగుడు దిగేదాకా దూరంగా ఉంటే మంచిది. అంతకు ముందు బెంగుళూరులో చుట్టాల ఇంటికి పోయేవాళ్ళు. ఈసారి మా ఆయన అండమాన్ అన్నాడు. పురుగుమందుల అంగడి నడుపుతాడు ఆయన, కంపెనీవాళ్ళు ఇచ్చిన టికెట్లు కొన్ని మిగిలి ఉన్నాయట. మామ ఒప్పుకోడనుకున్నాను. ఆయన మాత్రం, "చుట్టూ నీళ్ళే గదా. వచ్చేటోడు ఎట్లొచ్చినా కనపడతాడు" అన్నాడు.

పాపకు అప్పుడు ఐదో ఏడు. సముద్రం అన్న మాట విన్నప్పటి నుంచి చెంచాలు, గ్లాసులు ఒక సంచిలో వేసుకుని ఇల్లంతా తిరిగింది. నాకు మాత్రం భయం. గండికోటకు పోతే లోయ అంచు కనబడక ముందే పాప చేయి పట్టుకుని కూర్చుండిపోయే మనిషిని నేను. అందరూ పడుకున్నాక ఫోన్‌లో చూసేదాన్ని, అక్కడి పడవలు ఎలా ఉంటాయి, ఏ పడవ ఎక్కాలి, ఏది ఎక్కగూడదు అని. పిల్లల సైజు లైఫ్ జాకెట్టు ఉందా, ఒక ఇంజను ఆగిపోతే రెండోది ఉందా, వాన మబ్బు ఉన్న రోజు వద్దు అని చెప్పే మనిషేనా. ఇవి అడగకుండా ఎక్కొద్దని, పోయి వచ్చిన తల్లులు రాసినవి చదివి చదివి నాకు కంఠతా వచ్చాయి.

మేము పోయేసరికి అక్కడ అప్పుడే వానలు మొదలవుతున్నాయి. పొద్దున ఎండ, మధ్యాహ్నం తిరిగేసరికి గాలి. హోటలుకు దగ్గర్లోనే ఒడ్డున, కొబ్బరిచెట్ల కింద, పలకలతో కట్టిన ఒక గదిలో దీవులకు తీసుకుపోయే పడవల ఆయన కూర్చునేవాడు. మా హోటలువాళ్ళు పడవకు పొమ్మని చెప్పింది ఆయన దగ్గరికే. మేము మాట్లాడుకుంటుంటే విని తెలుగులో పలకరించాడు.

"ఏ ఊరండీ మీది? కూర్చోండి, కూర్చోండి. మా తాతల్ది శ్రీకాకుళం వైపండి. నేను పుట్టిందిక్కడే. తెలుగు వినబడితే చాలు, నాకు టీ తాగినట్టుంటది."

మా ఆయన ప్రొద్దుటూరని చెప్పాడు. పడవల ఆయన మాటకారి. తన పడవ గురించి తానే పొగుడుకున్నాడు. రెండు ఇంజన్లున్నాయని, తన దగ్గర ఎక్కినవాళ్ళెవరికీ కాలి వేలు తడవలేదని అన్నాడు. "తడవకుండా బీచిలో ఎట్ల దిగుతారప్పా?" అని మా ఆయన నవ్వాడు. పడవల ఆయనా నవ్వి, లోపలి నుంచి చిన్న నారింజ రంగు జాకెట్టు తెచ్చి పాపకు తొడిగాడు. పట్టీలు బిగించి, జాకెట్టు భుజాలు పట్టుకుని పాపను ఒక్కసారిగా పైకి ఎత్తాడు. నేను ఉలిక్కిపడ్డాను. జాకెట్టు పాప చెవుల దాకా జారుతుందేమో చూడటానికట. జారలేదు. పాప కాళ్ళు ఆడిస్తూ, "ఇంకోసారి" అంది. ఈయన పడవే, అనుకున్నాను.

తర్వాత ఆయన అడగడం మొదలుపెట్టాడు.

"ఎంతమంది ఎల్తారు? పెద్దాయన కూడానా? పెద్దమ్మగారు రారా, రూములోనే ఉంటారా? అయితే ఆవిడ నంబరివ్వండి. ఏ హోటలు, ఏ గది? పొద్దున్నే ఎల్లి ఎండ ముదరకుండా వచ్చేయాలి, ఏ దారిన ఎల్తున్నామో ముందే ఒడ్డున చెప్పి ఎల్తాను."

మామ అప్పటిదాకా గుమ్మం దగ్గర గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. ఎక్కడికి పోయినా అలాగే నిలబడతాడు.

"అవన్నీ నీకెందుకప్పా?" అన్నాడు.

"మీరు టైముకు రాకపోతే ఎతకాలి కదండీ." ఆయన నవ్వుతూనే ఉన్నాడు. "ప్రొద్దుటూరంటే జమ్మలమడుగు పక్కనే కదా? ఆ ఊరి కుర్రాడొకడు నా దగ్గర పడవ నడిపాడు. ఇప్పటికీ ఫోన్ చేస్తుంటాడండి. మీ ఊరోళ్ళొచ్చారని చెప్తే ఎంత సంతోషపడతాడో."

మామ పాప ఒంటి మీది జాకెట్టు పట్టీలు తానే ఊడదీశాడు. దాన్ని బల్ల మీద పెట్టి, పాపను ఎత్తుకుని బయటికి నడిచాడు. మేమూ లేచాం. "ఏటండీ, రేటు ఎక్కువనిపించిందా?" అని ఆయన వెనక నుంచి అడుగుతున్నాడు.

కొబ్బరిచెట్లు దాటాక మా ఆయన మెల్లగా అన్నాడు. "టూరిస్టులను అందర్నీ అట్లనే అడుగుతారులే నాయనా."

"ఎంతమంది పోతాండారు, ఏ దారిన పోతారు, ఎప్పుడొస్తారు, రూములో ఎవురుంటారు. ఇంకేం మిగిలినాది వానికి అడిగేదానికి? జమ్మలమడుగోనికి ఫోన్ గూడా కొడతాడంట."

"ఆయప్ప మంచిగానే అడిగినాడు గదా."

"మీ యమ్మను గూడా మంచిగానే అడిగినారు."

వాళ్ళ మధ్యన ఆ మాట వచ్చిందంటే అక్కడితో అయిపోయినట్టే. నేను ఉండబట్టలేక, "మామా, ఆయన దగ్గర పాపకు సరిపోయే జాకెట్టు ఉంది" అన్నాను. మామ నా వైపు చూసి, "పాపను పైకెత్తి బరువు చూసినాడు. నువ్వూ చూస్తా నిలబడినావు" అన్నాడు.

ఒడ్డు వెంబడి ఇంకా ముందుకు పోతే, చివర్లో ఎర్ర గీత ఉన్న ఒక చిన్న పడవ ఉంది. పక్కన ఒకతను గొంతుకూర్చుని తాడు ముడి వేసుకుంటున్నాడు. అతనికి తెలుగు రాదు. మాకు అతని భాష తెలియదు. మామ దీవి వైపు చేయి చూపి, మమ్మల్ని చూపి, రేపు అన్నట్టు సూర్యుడి దారిని తల మీదుగా వేలితో గీసి చూపించాడు. అతను తల ఊపాడు. మా పేర్లు అడగలేదు, ఏ హోటలో అడగలేదు, ఎప్పుడు తిరిగి రావాలో కూడా అడగలేదు. మామ ముఖంలో ఊరు విడిచాక మొదటిసారి బిగువు తగ్గింది.

"వీడు మేలు. మన మాట రాదు. ఎవురికి చెప్పాలన్నా చెప్పలేడు."

నేను మా ఆయన పక్కకు జరిగాను. "ఒకటే ఇంజను ఉంది. జాకెట్లు పెద్దవాళ్ళవి. పాపకు వేస్తే గడ్డం కనబడదు."

"ఎదురుగా కనపడతాండే దీవేలే మే. నాయన ఒప్పుకున్యాడు, అదే ఎక్కువ. ఇంక రచ్చ చేయొద్దు."

హోటలుకు వచ్చి మామ కింద బల్ల దగ్గర కూర్చునే హోటలు మనిషికి, రేపు ఎక్కడికీ పోము, గదుల్లోనే ఉంటాం అని మా ఆయనతో హిందీలో చెప్పించాడు. అత్తకు మోకాళ్ళ నొప్పులు, పడవ ఎక్కలేదు. ఆమెకు మాత్రం పొద్దున బజారుకు పోయి వస్తాం అని చెప్పాడు. ఆమె సరే అంది. ఆమె ఎప్పుడూ అడగదు.

మరుసటి పొద్దున పాపకు జడ వేశాను. మగవాళ్ళు కిందికి దిగాక, స్నానాల గదిలో బట్టలు పిండుతున్న అత్త దగ్గరికి వెళ్ళాను. కొళాయి తిప్పి నీళ్ళ చప్పుడులో చెప్పాను.

"అత్తా, బజారుకు కాదు. పడవలో పోతున్నాం. ఎర్ర గీత పడవ. ఎదురుగా దీపస్తంభం ఉన్న దీవి కనబడుతుంది కదా, అక్కడికి. మధ్యాహ్నం అన్నానికి వచ్చేస్తాం."

ఆమె తడిచేత్తో నా నోరు మూసింది. "నాకు చెప్పొద్దు మ్మే. నాకెందుకు చెప్తాండావు? నాకు చెప్పగాకు." నేను చెప్పడం అప్పటికే అయిపోయింది.

పోవడం బాగానే పోయాం. ఆ దీవిలో ఇసుక పిండిలా ఉంది. నీళ్ళలో చేపలు కనబడుతున్నాయి. చిన్నప్పుడంతా గదుల్లో దాక్కుని పెరిగిన మా ఆయన పాపతో పాటు పరుగెత్తి, ఇసుకలో పడి నవ్వాడు. ఆయన అలా నవ్వగలడని నాకు అప్పటిదాకా తెలియదు. మామ చెట్టు నీడన కూర్చుని ఒడ్డు వైపే చూశాడు. ఎండ ముదిరింది. పడవవాడు లేచి, వెనకాల ఇంకో దీవి ఉందన్నట్టు సైగ చేశాడు. నేను వద్దన్నాను. మామ పోదామన్నాడు. పోయిన దారినే తిరిగి రావడం ఆయనకు మొదటి నుంచీ ఇష్టం ఉండదు.

ఆ రెండో దీవి దాటి బయటికి వచ్చాక ఇంజను దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. పడవవాడు తాడు లాగాడు. మళ్ళీ లాగాడు. మూత తీసి లోపల ఏదో ఊదాడు. ఫోన్ తీసి ఎత్తి పట్టుకుని చూసి జేబులో పెట్టుకున్నాడు. మా ఫోన్లలోనూ సిగ్నలు లేదు. గాలి మొదలైంది. దీపస్తంభం ఉన్న దీవి మొదట పక్కన ఉండేది, తర్వాత వెనక్కి పోయింది, తర్వాత చిన్నదైంది. మేము కొట్టుకుపోతున్నామని అప్పుడు తెలిసింది.

పెద్ద జాకెట్టులో పాప తల మునిగిపోయింది. నా చున్నీతో దాన్ని పాప ఒంటికి చుట్టి నా నడుముకు కట్టుకున్నాను. పాపకు మొదట తిన్నది వాంతి అయింది, తర్వాత నీళ్ళు, తర్వాత వాంతికి ఏమీ రాలేదు. నీళ్ళ సీసా అయిపోయింది. పెదాలు తెల్లబడ్డాయి. "ఇంటికి పోదాం మా" అని కొంతసేపు అంది. ఆ తర్వాత అనడం మానేసింది. ఆ మానేయడమే నాకు భయం.

"ఎవరైనా వెతకడానికి వస్తారా?" అని మా ఆయనను అడిగాను.

చెప్పడానికేం ఉంది. హోటలులో మేము గదిలోనే ఉన్నామని చెప్పి వచ్చాం. పడవవాడి కోసం వెతికేవాళ్ళు ఎవరో, ఉన్నారో లేదో మాకు తెలియదు.

మామ తలకు తువ్వాలు కట్టుకుని, పడవ వెనక భాగంలో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. జీపులోనైనా ఆయన అలాగే కూర్చుంటాడు, వెనక ఎవరైనా వస్తున్నారేమో చూస్తూ. కొడుకు పోయినప్పటి నుంచి ఆయన కోరుకున్నదంతా వెనక ఎవరూ రాకపోవడమే. ఆ రోజు ఎంత దూరం చూసినా నీళ్ళే. ఎవరూ రావడం లేదు.

హోటలులో ఏం జరిగిందో తర్వాత పడవల ఆయన కొంత చెప్పాడు, అత్త కొంత చెప్పింది. సాయంత్రం గాలి పెరిగాక ఒడ్డున పడవలన్నీ వచ్చేశాయి, ఎర్ర గీత పడవ తప్ప. పొద్దున అందులో ఒక చిన్నపాప ఎక్కడం ఎవరో చూశారట. పాప అనేసరికి ముందు రోజు లేచి వెళ్ళిపోయిన మేము ఆయనకు గుర్తొచ్చాం. దగ్గర్లోని హోటళ్ళలో తెలుగువాళ్ళ కోసం అడుగుతూ వచ్చి మా గది తలుపు కొట్టాడు. అత్త లోపల గడియ పెట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది.

"పెద్దమ్మగారూ, మీవోళ్ళు ఎక్కడికెల్లారు?"

మర్యాదగా అడిగిన గొంతు. ఆమె ఊపిరి బిగబట్టుకుంది.

"ఎంతమంది ఎల్లారమ్మా? ఎప్పుడొస్తామన్నారు?"

"ఎవరూ యాడికీ పోలేదు," అంది.

ఆయన కిందికి దిగిపోయాడు. ఆమె లేచి కిటికీ దగ్గర నిలబడింది. దీపస్తంభం అప్పుడే వెలిగింది. కొంచెంసేపటికి ఆయన మళ్ళీ పైకి వచ్చాడు. ఈసారి తలుపు కొట్టలేదట. బయట నిలబడే అన్నాడు.

"అమ్మా, మీరు చెప్పకపోతే ఏ దిక్కు ఎల్లాలో నాకు తెలవదు. ఇక్కడ నాలుగు దిక్కులా దీవులే. చీకటి పడిపోతే నేనూ ఎల్లలేను. నిన్న నేను ఎత్తిన పాప, ఆ పాప కూడా ఎల్లిందా?"

అత్త గడియ తీసింది. దీపస్తంభం వైపు చేయి చూపించింది. "ఆడికి. మధ్యాన్నం అన్నానికి వస్తామన్యారు. రాలేదు." అంత మాత్రమే చెప్పి, తలుపు దగ్గరే కింద కూర్చుండిపోయిందట. ఆయన పరుగెత్తాక కూడా, "నేనే చెప్పినా, నేనే చెప్పినా" అంటూ ఉందని హోటలులో ఊడ్చే ఆమె విన్న మాటలు విన్నట్టే పలికి, చేతులు ఊపి మాకు చూపించింది.

మేము ఒక పడవను చూసేసరికి చీకటి పడుతూ నీళ్ళ రంగు పోయింది. ముందుగా మామే చూశాడు. మా వైపే సూటిగా, చాలా వేగంగా వస్తోంది. ముందు భాగంలో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరి చేతిలో పొడుగ్గా ఏదో ఉంది.

"వంగండి," అన్నాడు మామ.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన ఒక్క ఉదుటున వచ్చి పాప తలను నా ఒడిలోకి నొక్కి, పాప మీద తాను బోర్లా పడ్డాడు. "వంగండిరా," అని మా ఆయన మెడ పట్టుకుని వంచాడు. ఆ బరువు కింద పాప మూలుగుతోంది. నేను మామ భుజాన్ని రెండు చేతులతో తోశాను. కదల్లేదు. ఆయన ఒళ్ళంతా గుండె కొట్టుకుంటున్నట్టు ఉంది.

"పెద్దాయనా, లేవండి. తాడు పట్టుకోండి," అని తెలుగులో వినిపించింది. ఆ పొడుగాటిది కొక్కెం ఉన్న గెడ. మామ తల ఎత్తి చూశాడు. చూసి కూడా వెంటనే లేవలేదు.

ఒడ్డుకు చేరగానే పాపను ఆసుపత్రికి తీసుకుపోయారు. దారిలో ఆమె కళ్ళు పైకి తిరిగి, ఒళ్ళు బిగుసుకుంది. ఆ కొంతసేపటి గురించి నేను రాయలేను. సెలైను ఎక్కించారు. చాలాసేపటి తర్వాత పాప నా వేలు పట్టుకుంది.

అత్తను ఆసుపత్రికి తీసుకొచ్చింది కూడా ఆ పడవల ఆయనే. వరండాలో బెంచీ మీద మామ తడి తువ్వాలుతోనే కూర్చుని ఉన్నాడు. పాప బతికిందని డాక్టరు చెప్పి అప్పుడే లోపలికి పోయాడు. మామ పడవల ఆయనను తేరిపారా చూసి, మా ఆయనను అడిగాడు.

"మనం ఆడుండామని ఈయప్పకు ఎవురు చెప్పినారు?"

"నాయనా, పాప బతికింది. ఇప్పుడదెందుకు?"

"ఎవురు చెప్పినారని అడుగుతాండా."

"నేనే చెప్పినా," అంది అత్త.

ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆయన ఎదురుగా నిలబడింది.

"అప్పుడు గూడా నేనే చెప్పినా. ఇప్పుడు గూడా నేనే చెప్పినా. అప్పుడు ఒక్క మాటనింటివా నన్ను? ఇన్నేండ్లు అనకుండా ఉండావు గదా. ఇప్పుడన్నా అను."

మామ అనలేదు. ఆ రోజు నుంచి ఆమెతో ఏమీ మాట్లాడటం లేదు. అంతకు ముందు అన్నం పెట్టమనీ, మంచినీళ్ళిమ్మనీ అడిగేవాడు. ఇప్పుడు పాపతో చెప్పిస్తాడు.

ఊరు చల్లబడిందని కబురు వచ్చాక ప్రొద్దుటూరుకు తిరిగొచ్చాం. పాపకు ఒళ్ళు తేరుకుంది గానీ, తల మీద నీళ్ళు పోస్తే ఊపిరి పట్టుకుని బిగుసుకుపోతుంది. మొన్న బడికి పోతే టీచరు నన్ను ఆపింది. "మీ పాప ఏమీ చెప్పదండీ. సెలవుల్లో ఎక్కడికి పోయావని అందరినీ అడిగాను. అందరూ తిరుపతి అనీ, అమ్మమ్మ ఊరనీ చెప్పారు. మీ పాప మాత్రం ఎవరూ యాడికీ పోలేదు అంటుంది."

ఇంటికి నడుస్తూ అడిగాను. "టీచరుకు ఎందుకట్ల చెప్పావు నాన్నా?"

"అడిగితే చెప్పగూడదు గదా."

"ఎవరన్నారు?"

"పడవాయన అడిగితే అవ్వ చెప్పింది గదా. అందుకే తాత అవ్వతో మాట్లాడడం ల్యా. నేను చెప్తే నాతో గూడా మాట్లాడడు."

పాప నా చేయి పట్టుకుని, మధ్యమధ్యలో రాళ్ళు తన్నుకుంటూ నడిచింది.

నిన్న జమ్మలమడుగులో నాతో చదువుకున్న అమ్మాయి బిడ్డకు పేరు పెడుతున్నారని పిలిచారు. పాపకు కొత్త గౌను వేశాను. మామ వాకిట్లో పేపరు చదువుతున్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడి, ఆయనకు కూడా వినబడేటట్టు అన్నాను.

"అత్తా, పాపా నేనూ జమ్మలమడుగుకు పోతున్నాం. చీకటి పడక ముందే వచ్చేస్తాం."

ఎర్రగడ్డలు తరిగే చప్పుడు ఆగిపోయింది. పేపరు కదల్లేదు. నాకు చేయకూడని పని ఏదో చేసినట్టు, ఆ మాటలు వెనక్కి తీసుకోవాలన్నట్టు అనిపించింది.

"ఏ బస్సుకు వస్తారు?" అంది అత్త.

ఆ ఇంట్లో అలాంటి మాట అడగగా నేను విన్నది అదే మొదటిసారి. సాయంత్రం బస్సుకు అని చెప్పాను. ఆమె తల ఊపి, పాప జడకు కనకాంబరాలు పెట్టింది. మామ పేపరు పక్కన పెట్టి, లేచి వచ్చి గేటు గడియ తీశాడు. వీధికి రెండు వైపులా చూసి పక్కకు జరిగాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. ఊరు దాటాక శనగ వేసే నల్లరేగడి చేలు ఖాళీగా కనబడ్డాయి. మరిది దిగిన బస్టాపు ఎక్కడో నాకు తెలియదు, ఎవరూ చూపించలేదు. బస్సు ఆగిన ప్రతిచోటా ఇదేనా అనుకున్నాను. ఒక మోటారు సైకిలు మా వెనకాలే చాలాదూరం వచ్చింది. నేను తిరిగి చూశాను. పాప నా ముఖం చూసి, సీటు మీద మోకాళ్ళేసుకుని, తానూ వెనక్కి తిరిగి కూర్చుంది.